ఎస్. వి. రంగారావు: గద్యవాచికంలో ఒక నటజీవితం

తెలుగు చలనచిత్ర పరిభాషలో ‘క్యారెక్టర్ నటుడు’ అనే మాట కొంత చిన్నచూపుతోనే స్థిరపడినది. కథానాయకుడు కానివాడు, హాస్యగాడు కానివాడు, తండ్రిగానో అన్నగానో జమీందారుగానో రాక్షసుడుగానో కథకు అవసరమైనప్పుడు వచ్చి పోయేవాడు అని దానికి వ్యవహారార్థం. ఆ మాట పుట్టిన ఇంగ్లీషు నాటకరంగంలో దాని అర్థం వేరు. తన సొగసును, తన వ్యక్తిత్వాన్ని ప్రేక్షకుల ముందుంచి మెప్పు పొందే నటుడు ఒక తెగ. ప్రతి పాత్రకు ఒక నడకను, ఒక కంఠాన్ని, ఒక మనస్సును వెదకి తెచ్చే నటుడు మరొక తెగ. ఈ రెండవ తెగవానికే అక్కడ ఆ పేరు చెల్లుతుంది. చార్లెస్ లాటన్, అలెక్ గిన్నెస్ వంటివారు ఆ పేరుతోనే ప్రథమశ్రేణి గౌరవం పొందినారు. తెలుగులో ఈ మాటకు మొదటి అర్థమే మిగిలి రెండవ అర్థం మరుగున పడడం వల్ల నష్టపోయినది మన విమర్శ. ఆ నష్టాన్ని కొలవడానికి తగిన మనిషి ఎస్. వి. రంగారావు.

ఆయనను గురించి ప్రశంసలకు కొదవ లేదు. ‘విశ్వనట చక్రవర్తి’ అనే బిరుదు ఆయన పేరుకు ముందు అలవాటుగా చేరిపోయినది. కాని బిరుదు విమర్శ కాదు. ఆయన నటనలో ఒక చిక్కుప్రశ్న ఉన్నది. గిన్నెస్ 1949లో ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’ అనే ఒకే చిత్రంలో ఒకే వంశానికి చెందిన ఎనిమిది పాత్రలు ధరించి, ప్రతి పాత్రలోనూ తన్ను తాను మాయం చేసుకొన్నాడు. రంగారావుకు అది సాధ్యం కాదు. ఆ ఎత్తు, ఆ భుజాలు, ఆ విశాలమైన ముఖం, ఆ కంఠం ఏ వేషంలోనైనా మొదటి క్షణంలోనే గుర్తుపట్టదగినవి. గడ్డం పెట్టినా కిరీటం పెట్టినా ఆయన రంగారావే. అయినా నేపాళ మాంత్రికుడు, ఘటోత్కచుడు, కీచకుడు, కోటయ్య ఒకే మనిషి అని ఏ ప్రేక్షకుడూ అనుకోడు. శరీరం మారకుండా మనిషి ఎట్లా మారినాడు? దీనికి సమాధానం ఆయన వాచికంలో, అందునా గద్యవాచికంలో ఉన్నది. ఆ వాచికం ఎక్కడ తయారైనదో తెలుసుకోవడానికి చలనచిత్రాలకు ముందున్న ఆయన జీవితాన్ని చూడవలె.

సామర్ల వెంకట రంగారావు 1918 జూలై 3వ తేదీన కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించినాడు. బాల్యవిద్య కొంతవరకు మద్రాసులో జరిగినది. తరువాత ఏలూరు, విశాఖపట్నం, కాకినాడలలో చదువు సాగినది. ఆయన నటుడుగా రూపుదిద్దుకొన్నది కాకినాడలో. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ఔత్సాహికుల నాటక సంస్థ. తరువాత చిత్రసీమలో ప్రసిద్ధులైన అంజలీదేవి, ఆదినారాయణరావు ఆ సంస్థ నుండి వచ్చినవారే. రంగారావు తెలుగు నాటకాలతో పాటు షేక్‌స్పియర్ నాటకాలలోనూ వేషాలు ధరించినాడు. ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లోని షైలాక్ వేషం ఆయనకు పేరు తెచ్చిన వాటిలో ఒకటి.

ఈ విషయానికి ఉన్న ప్రాముఖ్యం తెలియాలంటే ఆనాటి తెలుగు రంగస్థలం ఎట్లా ఉండేదో గుర్తు చేసుకోవలె. అది పద్యం ఏలిన రంగస్థలం. తిరుపతి వేంకట కవుల ఉద్యోగపర్వ నాటకాలు ఊరూరా ఆడుతున్న కాలం. నటుని గొప్పతనాన్ని ప్రేక్షకుడు అతని గొంతుతో, శ్రుతితో, రాగాలాపనతో తూచేవాడు. పద్యం ముగిసిన పిమ్మట ‘వన్స్ మోర్’ వినిపిస్తే నటుడు జయించినట్లే. రెండు పద్యాల నడుమ వచ్చే మాటలు ఒక పద్యం నుండి మరొక పద్యానికి వేసిన వంతెనల వంటివి. వాటిమీద నడిచి పోవడమే తప్ప నిలిచి చూసేవారు అరుదు. దీనికి ఎదురు నిలిచినవారు లేకపోలేదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, మాటలతోనే నాటకం నిలబడగలదని నిరూపించినది. బళ్లారి రాఘవ (1880–1946) పద్యాన్ని రాగాలతో సాగదీయడాన్ని నిరసించి, భావం వైపుకు నటనను మళ్లించ యత్నించినాడు. రాఘవ న్యాయవాది. రంగస్థలం ఆయనకు వృత్తి కాదు. తెలుగులో గద్యనటన చాలవరకు ఇట్లా వేరే వృత్తులలో ఉన్న చదువుకొన్నవారి చేతిలోనే పెరిగినది. రంగారావు ఈ పాయకు చెందినవాడు. ఆయన గాయకుడు కాదు. షైలాక్ వేషం ధరించినప్పుడు ఆయన చేతిలో ఉన్న ఆయుధం మాట ఒక్కటే.

జీవనోపాధికి ఆయన అగ్నిమాపక శాఖలో అధికారిగా చేరి, బందరులోనూ విజయనగరంలోనూ పని చేసినాడు. ఆ ఉద్యోగం విడిచి చిత్రరంగంలో అడుగు పెట్టినది 1947లో, ‘వరూధిని’తో. దర్శకుడు బి. వి. రామానందం. రంగారావు ధరించినది కథానాయకుడైన ప్రవరాఖ్యుని పాత్ర. పెద్దన సృష్టించిన ప్రవరుడు తెలుగు పాఠకుని మనస్సులో సౌందర్యానికీ నిష్ఠకూ మూర్తిగా నిలిచిన మనిషి. అటువంటి పాత్రలో నటుడు చేయదగినది తక్కువ, కనిపించదగినది ఎక్కువ. చిత్రం విజయవంతం కాలేదు. అవకాశాలు రాలేదు. రంగారావు మద్రాసు విడిచి మళ్లీ ఉద్యోగం వెదుక్కొన్నాడు. ఆ ఉద్యోగం దొరికినది జంషెడ్‌పూర్‌లో, టాటా సంస్థలో. బడ్జెట్ అసిస్టెంట్ పని.

నటుని జీవితచరిత్రలు ఈ ఘట్టాన్ని ఒకటి రెండు వాక్యాలలో దాటిపోతాయి. ఓడిపోయినవాడు కొంతకాలం గుమస్తాగిరీ చేసినాడు, తరువాత అదృష్టం పిలిచినది అన్నది వాటి ధోరణి. కాని ఆ నగరమూ, అక్కడి తెలుగువారూ ఎటువంటివారో తెలిస్తే ఆ ఘట్టం వేరుగా కనిపిస్తుంది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చి అనే పల్లె ఉండేది. టాటా ఉక్కు సంస్థ 1907లో స్థాపితమైనది. 1912లో ఆ చోట ఉక్కు తయారైనది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేర జంషెడ్‌పూర్ అని పేరు వచ్చినది. నాడు బీహారు రాష్ట్రంలో ఉన్న ఆ నగరం 2000 నవంబరు 15 నుండి జార్ఖండ్‌లో ఉన్నది. కర్మాగారం పని కొరకు దేశం నలుమూలల నుండి మనుషులు వచ్చినారు. కళింగాంధ్ర నుండి రైలెక్కి వచ్చినవారు వేలకొద్దీ అక్కడ స్థిరపడినారు. బిష్టుపూర్‌లోని రామమందిరం ఆ తెలుగువారు కట్టుకొన్నదే. హిందీ, బెంగాలీ, ఒరియా, సంతాలీ, పంజాబీ వినిపించే వీధుల నడుమ వారు తమ భాషను గుడిలో, బడిలో, నాటకంలో నిలుపుకొన్నారు.

రంగారావు అక్కడ తెలుగువారి నాటకాలలో వేషాలు ధరించినట్లు ఆయన జీవితచరిత్రలు చెప్తున్నవి. పగలు లెక్కల పుస్తకాలు, సాయంత్రం నాటకాభ్యాసం. అక్కడ పారితోషికం లేదు. చిత్రనిర్మాత కన్ను పడుతుందన్న ఆశ లేదు. కథానాయక పాత్రకు తగిన అందం ఉన్నదా అని కొలిచేవారు లేరు. ప్రవాసంలో ఉన్నవాడు నాటకానికి పోయేది ముఖ్యంగా తన భాషను వినడానికి. ఇంటి బయట రోజంతా ఇతర భాషలు మాట్లాడి వచ్చినవాని చెవికి తెలుగు మాట విరుపూ ఒత్తూ సొంత ఊరిలో కంటె స్పష్టంగా వినిపిస్తవి. అటువంటి సభలో గద్యం వంతెనగా మిగలదు, అదే గమ్యమవుతుంది. ఆ ప్రదర్శనలకు శబ్దలేఖనం లేదు, సమీక్ష లేదు. వాటిని బట్టి రంగారావు నటన ఫలానా విధంగా మారినదని నిర్ణయించడానికి ఆధారం చాలదు. కాని ‘వరూధిని’లో ఓడినవాడు నటనను వదిలిపెట్టలేదనీ, ఏ ప్రతిఫలమూ లేని చోట దానిని కొనసాగించినాడనీ చెప్పవచ్చు. తిరిగి వచ్చిన రంగారావు నాయకపాత్రల కొరకు వెదకలేదనడం ఆయన తరువాతి చిత్రాలను చూసినవారికి వివరించనక్కరలేదు.

1949లో ‘మన దేశం’, 1950లో ‘పల్లెటూరి పిల్ల’ చిత్రాలలో చిన్న పాత్రలతో ఆయన మళ్లీ తెరమీదికి వచ్చినాడు. అదే 1950లో విజయా సంస్థ తీసిన ‘షావుకారు’లో సున్నం రంగడనే రౌడీ పాత్ర ఆయనకు దొరికినది. ఎల్. వి. ప్రసాద్ దర్శకుడు. ఆ చిత్రంలోనే షావుకారు చెంగయ్యగా నటించిన గోవిందరాజుల సుబ్బారావు పాత రంగస్థలం నుండి వచ్చిన మహానటుడు. ఇద్దరినీ ఒక చిత్రంలో చూడడం విమర్శకునికి మేలైన పాఠం. సుబ్బారావు ముఖంతో, చేతులతో, కంటికొసలతో మాటకు ముందే భావాన్ని చెప్తాడు. రంగారావు మాటను ఆపి భావాన్ని చెప్తాడు. సున్నం రంగడు తక్కువ మాట్లాడతాడు, మెల్లగా మాట్లాడతాడు. బెదిరింపు ఆ మెల్లదనంలో ఉన్నది. రౌడీ అంటే అరుపు అని అనుకొనే తెరకు అది కొత్త.

1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’తో ఆయన స్థానం స్థిరపడినది. కె. వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు. నేపాళ మాంత్రికుని రూపంలో, వంగిన నడకలో కాకినాడ నాటి షైలాక్ ఛాయలున్నవని చాలామంది చెప్పినారు. ఆ పోలికను ఆహార్యం దగ్గర ఆపివేయకూడదు. షైలాక్ బేరమాడే మనిషి. ప్రతి మాటనూ తూచి, ఎదుటివాని ముఖం చూసి, మిగతాది వదలుతాడు. నేపాళ మాంత్రికుడు చేసేది కూడా బేరమే. తోటరాముని సాహసాన్ని కొనుక్కొని అతని ప్రాణంతో సిద్ధిని పొందవలెనని అతని ఎత్తుగడ. పింగళి వ్రాసిన మాటలు సంస్కృత సమాసాలతో బరువైనవి. మరొక నటుని నోట అవి మంత్రాలవలె ఒకే స్థాయిలో గర్జించి ఉండేవి. రంగారావు ఆ సమాసాన్ని మధ్యలో విరిచి, మొదటి సగం బుజ్జగింపుగా, రెండవ సగం ఆజ్ఞగా పలికినాడు. ఆ మాటలు దేశమంతటా పిల్లల నోళ్లలో ఆడడానికి కారణం వాటి అర్థం కాదు, ఆ విరుపు. రచయిత వ్రాసిన వాక్యానికి రంగారావు తన లయతో రెండవ రచన చేసినాడనవచ్చు.

ఇక్కడ చార్లెస్ లాటన్‌తో పోలిక ఉపకరిస్తుంది. ఇది ప్రభావాన్ని నిరూపించడానికి చేసే పోలిక కాదు. ఇద్దరి సమస్య ఒకటి. లాటన్ (1899–1962) స్కార్‌బరోలో కుటుంబానికి చెందిన హోటలు వ్యాపారంలో పని చేస్తూ ఔత్సాహిక నాటకాలలో నటించి, తరువాత లండన్‌లో నాటకశిక్షణ పొందినాడు. ఆయన స్థూలకాయుడు. ఏ వేషంలోనూ దాగని మనిషి. అందమైన నాయకుడుగా ఎన్నడూ చెల్లనివాడు. అయినా రంగస్థలం మీదా తెరమీదా అగ్రశ్రేణికి చేరినాడు. 1933లో అలెగ్జాండర్ కోర్డా తీసిన ‘ద ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’లో ఎనిమిదవ హెన్రీగా ఆస్కార్ పురస్కారం పొందినాడు. ఆ చిత్రంలో రాజు కోడిమాంసాన్ని చేతులతో చీల్చి తింటూ, లోకంలో మర్యాద నశించిపోయినదని వాపోయే సన్నివేశం ప్రసిద్ధం. తిండి అక్కడ హాస్యం కొరకు మాత్రమే లేదు. ఎదురుచెప్పేవాడు లేని అధికారం ఎంత మొరటైనదో, అంతటి అధికారం కలవాడు లోపల ఎంత ఒంటరివాడో ఆ ఒక్క భోజనం చెప్తుంది.

1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుని భోజనం దీనికి సాటి రాగల సన్నివేశం. పాట మాధవపెద్ది సత్యం గొంతుది. ఛాయాగ్రహణంలోని మాయ మార్కస్ బార్ట్‌లేది. రంగారావు చేయవలసినది తినడం, నవ్వడం. గానం మరొకరిది కావడం ఆయనకు లోపం కాలేదు. పద్యనాటక యుగంలో ఇటువంటి వేషం గాయకునికే పోయి ఉండేది. నేపథ్యగానం వచ్చిన తరువాత పాట ఒకరిది, దేహం మరొకరిది కావడం సాధ్యమైనది. గద్యనటునికి పౌరాణిక చిత్రంలో తలుపు తెరచినది ఈ సాంకేతిక మార్పే. లాటన్ హెన్రీ తన ఆకలికి లోబడినవాడు. రంగారావు ఘటోత్కచుడు తన ఆకలిని చూసి తానే ముచ్చటపడేవాడు. అతనిలో క్రౌర్యం లేదు. పెద్ద దేహంలో ఉన్న పిల్లవాని సంబరం ఉన్నది. రాక్షసుడనగానే భయానకం, బీభత్సం అని నిర్ణయించుకొన్న సంప్రదాయంలో ఆయన ఆ దేహానికి వాత్సల్యాన్ని తెచ్చి పెట్టినాడు.

అదే చిత్రంలో ఘటోత్కచుని కొలువు దృశ్యం ఉన్నది. శిష్యుడు వ్యాకరణానికి లొంగని మాట నొకదానిని పుట్టిస్తాడు. గురువు తప్పు పడతాడు. ప్రభువు ఆ మాటను మెచ్చి, పుట్టించినవానికి వీరతాడు వేయించుతాడు. భాషను గురించి తెలుగు తెరమీద వచ్చిన దృశ్యాలలో ఇంతకంటె లోతైనది అరుదు. రంగారావు ఆ తీర్పును పండితునివలె పలకలేదు. కొత్త బొమ్మ దొరికిన పిల్లవానివలె పలికినాడు. నవ్వు ముగిసిన తరువాత గాని అది ఒక భాషాసిద్ధాంతమని ప్రేక్షకునికి తట్టదు.

ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చినప్పుడు తెరమీద ఉన్నది సావిత్రి. ఆమె నడక, చేతి ఊపు, హఠాత్తుగా పొంగే దర్పం అన్నీ రంగారావువి. ప్రేక్షకుడు ఆమె దేహంలో ఆయనను చూస్తాడు. ఇది సావిత్రి ప్రతిభకు ఎంత నిదర్శనమో, రంగారావు పాత్రకల్పనకు కూడా అంత నిదర్శనం. కేవలం దేహబలంతో నిలబడిన వేషమైతే ఆ దేహం లేనివారు దానిని అనుకరించలేరు. ఘటోత్కచుని నడకకూ ఊపుకూ ఒక వ్యాకరణం ఉన్నది కనుకనే, సుకుమారమైన స్త్రీ శరీరంలోనికి దానిని అనువదించడం సాధ్యమైనది. మొదట వేసిన ప్రశ్నకు ఇక్కడ సగం సమాధానం దొరుకుతున్నది. రంగారావు పాత్రలు ఆయన కండలలో లేవు, కాలంలో ఉన్నవి. ఎంతసేపటికి అడుగు వేయవలె, ఎంతసేపు ఆగవలె, మాట ఎక్కడ విరగవలె అన్న లెక్కలో ఉన్నవి.

మిగిలిన సగం ‘బంగారు పాప’లో ఉన్నది. 1955లో బి. ఎన్. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రానికి మూలం జార్జ్ ఎలియట్ 1861లో వెలువరించిన నవల ‘సైలస్ మార్నర్’. రచన పాలగుమ్మి పద్మరాజుది. ఎలియట్ నాయకుడు నేతపనివాడు. మోసపోయి మనుషులకు దూరమై, బంగారం కూడబెట్టుకొని, ఆ బంగారం పోయిన తరువాత దొరికిన పసిబిడ్డ వల్ల మళ్లీ మనిషైనవాడు. పద్మరాజు అతనిని కొలిమి దగ్గర పని చేసే కోటయ్యగా మార్చినాడు. ఈ మార్పు రచయిత చేసినదే అయినా రంగారావు దేహానికి సరిగా అతికినది. సైలస్ మగ్గంమీద వంగి చిక్కిపోయిన మనిషి. అతని ఏకాంతం బలహీనుని ఏకాంతం. కోటయ్యది బలవంతుని ఏకాంతం. ఊరు అతనిని చూసి జాలిపడదు, జంకుతుంది. అటువంటివాని చేతికి పసిబిడ్డ వచ్చినప్పుడు ఆ చేతులకు ఏమి చేయవలెనో తెలియదు. రంగారావు ఆ తెలియకపోవడాన్ని నటించినాడు. మాట తడబడుతుంది, గొంతు దించుకోవడం అలవాటు లేనివాడు దించుకొనే ప్రయత్నం చేస్తాడు. ఆ ప్రయత్నం వినిపించడమే పాత్ర. ఎలియట్ అనేక పుటలలో వ్యాఖ్యానించి చెప్పిన పరిణామాన్ని ఆయన కంఠస్వరంలోని తేడాతో చెప్పినాడు. అనువాదమంటే మాటకు మాట పెట్టడం కాదనీ, మూలంలో పని చేస్తున్న శక్తిని కనిపెట్టి దానికి తన భాషలో మరొక ఇరుసు అమర్చడమనీ నమ్మేవారికి ఈ చిత్రం మంచి ఉదాహరణ. ఇక్కడ అనువాదకులు ఇద్దరు. పద్మరాజు ఒకడు, రంగారావు మరొకడు.

1963లో కమలాకర కామేశ్వరరావు తీసిన ‘నర్తనశాల’లో కీచకుడు వీటన్నిటికీ ఎదురుగా నిలిచే పాత్ర. మహాభారతంలో కీచకుడు నీచుడు, అంతే. అతనిని నీచుడుగా చూపడం సులభం. రంగారావు అతనిని ముందు వీరుడుగా చూపినాడు. విరటుని కొలువులో తనకు సాటి లేదన్న నమ్మకం అతని నిలుచున్న తీరులో ఉన్నది. సైరంధ్రి కనిపించిన తరువాత ఆ నమ్మకంలో బీట పడుతుంది. ఆజ్ఞాపించడమే తెలిసిన కంఠం అర్థించడం నేర్చుకొంటుంది, అర్థించడం చేతగాక మళ్లీ ఆజ్ఞాపిస్తుంది. కామం అతనిని క్రూరునిగా చేయడానికి ముందు హాస్యాస్పదునిగా చేస్తుంది. ఆ హాస్యం నుండి భయం పుడుతుంది. 1964లో జకార్తాలో జరిగిన ఆసియా–ఆఫ్రికా చలనచిత్రోత్సవంలో ఈ పాత్రకు ఉత్తమ నటుడుగా ఆయనకు బహుమతి లభించినది. భాష తెలియని న్యాయనిర్ణేతలు ఇచ్చిన ఆ బహుమతి వాచికం గురించి ఇక్కడ చెప్పినదానికి విరుద్ధంగా కనిపించవచ్చు. నిజానికి అది దానిని బలపరుస్తుంది. అర్థం తెలియని చెవికి కూడా కీచకుని మాటలో ఎక్కడ గర్వం విరిగినదో వినిపిస్తుంది. లయ అర్థానికంటె ముందు చేరుతుంది.

ఈ ప్రశంస పక్కనే చెప్పవలసిన మరొక మాట ఉన్నది. 1960 తరువాత రంగారావు ధరించిన పాత్రలలో చాలా భాగం ఒకే అచ్చులో పోసినవి. పరువు కల జమీందారు, కొడుకును అపార్థం చేసుకొన్న తండ్రి, చివరి రీలులో కన్నీరు పెట్టుకొనే పెద్దమనిషి. ‘గుండమ్మ కథ’ (1962)లో ఆ పెద్దరికానికి ఆయన కొంత చిలిపితనం జోడించినాడు. ‘భక్త ప్రహ్లాద’ (1967)లోని హిరణ్యకశిపునిలో అహంకారం పక్కన పుత్రప్రేమను కూర్చోబెట్టినాడు. కాని అనేక చిత్రాలలో రచయిత ఆయనకు మాటలు ఇచ్చినాడే గాని మనిషిని ఇవ్వలేదు. అటువంటి చోట ఆయన తన విరుపులనే అలవాటుగా వాడుకొన్నాడు. ఒకప్పుడు కనిపెట్టినది తరువాత ముద్ర అయినది. లాటన్‌కూ ఈ దశ తప్పలేదు. పెద్ద దేహం, పెద్ద కంఠం కలవానిని పరిశ్రమ ఉపకరణంగా చూస్తుంది. నింపడానికి ఖాళీ ఉన్న చోట తెచ్చి నిలబెడుతుంది. తప్పు నటునిది కొంత, అతనికొరకు వ్రాయనివారిది ఎక్కువ.

ఈ అసంతృప్తి ఆయనకు తెలియనిది కాదనడానికి ఆయన దర్శకత్వం వహించిన రెండు చిత్రాలు సాక్ష్యం. లాటన్ తన జీవితంలో ఒకే ఒక చిత్రానికి, 1955లో ‘ద నైట్ ఆఫ్ ద హంటర్’కు, దర్శకత్వం వహించినాడు. రంగారావు 1967లో ‘చదరంగం’, 1968లో ‘బాంధవ్యాలు’ తీసినాడు. రెండింటిలోనూ కథ కుటుంబానిది. రాజులూ రాక్షసులూ లేరు. కిరీటాల వల్ల ప్రసిద్ధుడైన నటుడు తన చేతికి పగ్గాలు వచ్చినప్పుడు పంచెకట్టుకొన్న మనిషినే ఎన్నుకొన్నాడు. గద్యనాటకం నుండి వచ్చినవాని అభిరుచి అక్కడ బయటపడుతున్నది. 1973లో దాసరి నారాయణరావు తొలి చిత్రం ‘తాత మనవడు’లో తాతగా ఆయన ధరించిన పాత్రను ఈ వరుసలో చేర్చవలె. అందులో ఆయనతో నటించిన అంజలీదేవి కాకినాడ క్లబ్ నాటి సహనటి. ఆ తాత గర్జించడు. గర్జించగలిగినవాడు గర్జించకపోవడం ఎంత బరువైన నటనో ఆ చిత్రంలో తెలుస్తుంది. మరుసటి సంవత్సరం, 1974 జూలై 18న, రంగారావు మద్రాసులో కన్నుమూసినాడు. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు. కంసుడుగా నటించిన ‘యశోద కృష్ణ’ ఆయన మరణానంతరం 1975లో విడుదలైనది.

రంగారావు నటజీవితాన్ని ఇట్లా చూసినప్పుడు ‘క్యారెక్టర్ నటుడు’ అనే మాటకు పోయిన అర్థం తిరిగి వస్తున్నది. తెలుగు రంగస్థలం మీద పద్యానికి ఉన్న అధికారం వల్ల గద్యాన్ని పలికే విద్య రెండవ వరుసలో నిలబడినది. తెరమీద నాయకునికి ఉన్న అధికారం వల్ల ఆ విద్య కలవాడు మళ్లీ రెండవ వరుసలోనే నిలబడినాడు. రెండు సార్లు పక్కకు నెట్టిన ఆ విద్యతోనే ఆయన ప్రేక్షకుల జ్ఞాపకంలో అనేకమంది నాయకులకంటె ముందు వరుసలో కూర్చున్నాడు. ఆయన చిత్రాలను చూసి పిల్లలు నేర్చుకొన్నవి పాటలు మాత్రమే కావు, మాటలు పలికే తీరు కూడా. ఒక భాషకు గద్యలయ నేర్పినవారిలో రచయితలతో పాటు నటులను కూడా లెక్కించవలసి ఉంటే, తెలుగు గద్యచరిత్రలో పింగళి పేరు పక్కన రంగారావు పేరు వ్రాయడానికి సందేహించనక్కరలేదు.

అయితే ఆ చరిత్రలో ఒక ఖాళీ ఉన్నది. తెరమీది రంగారావు మిగిలినాడు. కాకినాడలో షైలాక్ వేషం ధరించినవాడు, జంషెడ్‌పూర్‌లో కర్మాగారం పని ముగించుకొని వచ్చిన తెలుగువారి ముందు నిలబడినవాడు మిగలలేదు. నాటకం ఆ రాత్రితో ముగిసిపోయే కళ. ఔత్సాహిక నాటకం అంతకంటె త్వరగా మాసిపోతుంది, ఎందుకంటే దానిని ఎవరూ వ్రాసి పెట్టరు. సాహిత్యచరిత్ర ముద్రితమైనదాన్ని లెక్కిస్తుంది. చలనచిత్ర చరిత్ర రీలుమీద ఉన్నదాన్ని లెక్కిస్తుంది. ఉద్యోగం చేసుకొంటూ సాయంత్రాలు భాషను సాన పట్టినవారు రెండింటికీ అందరు. ఆంధ్రదేశంలోనూ, దాని వెలుపల ఉక్కు నగరాలలో, రైల్వే కాలనీలలోనూ అటువంటి సంఘాలు ఎన్నో ఉండేవి, కొన్ని ఇంకా ఉన్నవి. వాటి కరపత్రాలు, ఛాయాచిత్రాలు, పాత సభ్యుల జ్ఞాపకాలు పూర్తిగా పోకముందే సేకరించడం విమర్శకుల పనిలో భాగం. ఘటోత్కచుని నవ్వు విని మురిసే పాఠకునికి, ఆ నవ్వు మొదట ఏ చిన్న సభలో, ఎటువంటి మనుషుల ముందు మోగినదో తెలుసుకొనే హక్కు ఉన్నది.